చిన్న విమానాశ్రయానికి రన్‌వే ఎంత పొడవు కావాలి? ముందు ఏ విమానమో తేల్చండి

మున్సిపల్ స్థాయి విమానాశ్రయంలో రన్‌వే పొడిగింపు మాట వస్తే, విమానాల సంగతి కంటే ముందు ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. "1,800 మీటర్లు చేసేద్దాం, జెట్‌లు వాటంతటవే వస్తాయి" అంటారు. రన్‌వేల ప్లానింగ్ చేసే ఇంజనీరుగా నేను ఆ అంకెను పక్కన పెట్టించే దాకా పని మొదలుపెట్టను. ఇప్పుడు వస్తున్న విమానం ఏది, అది ఎంత బరువుతో, ఎంత ఎండలో లేస్తోంది? పొడవు అక్కడి నుంచే రావాలి.

అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దీనికి ఒక గీత గీసింది. ఏడాదికి కనీసం 500 ఆపరేషన్లు చేసే విమానాల్లో ఎక్కువ అవసరాలున్న విమానం, లేదా ఒకే తరహా విమానాల గుంపు, డిజైన్‌కు ఆధారం. టేకాఫ్ ఒక ఆపరేషన్, ల్యాండింగ్ ఇంకొకటి. కాబట్టి 250 సార్లు వచ్చి వెళ్తే సరిపోతుంది. శిక్షణలో చేసే టచ్ అండ్ గోలు (దిగి, ఆగకుండా వెంటనే మళ్లీ లేవడం) ఇందులో కలవవు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే పెద్ద జెట్ ఎంత అందంగా ఉన్నా దాని కోసం కాంక్రీటు పోయకూడదు.

ఇంధనం బిల్లులు, హ్యాంగర్ రిజిస్టరు, ల్యాండింగ్ ఫీజు రసీదులు తిరగేయండి. తర్వాత పైలట్లతో కూర్చోండి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "వేసవి మధ్యాహ్నం ఇక్కడి నుంచి లేవాలంటే ఇంధనం తగ్గించుకుంటున్నారా? మధ్యలో ఎక్కడైనా దిగి నింపుకుంటున్నారా?" అవునంటే ఎంత తగ్గిస్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు, ఏ నెలల్లో అన్నది రాయించుకోండి. పొడిగింపు నిజంగా అవసరమని చూపించడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు కనబడలేదు.

ఇక విమానం హ్యాండ్‌బుక్, అంటే తయారీదారు ఇచ్చే పనితీరు పుస్తకం, తీయండి. టేకాఫ్ చార్టులో ఉష్ణోగ్రత దగ్గర పెన్సిల్ పెట్టి పైకి, ఎత్తు గీత దాకా వెళ్లాలి. అక్కడి నుంచి పక్కకు జరిగి బరువు, ఆ తర్వాత గాలి. గాలి సున్నా అనుకోండి. చివర్లో రెండు దూరాలు వస్తాయి: చక్రాలు నేల వదిలే దూరం ఒకటి, 50 అడుగుల ఎత్తు అందుకునే దూరం ఒకటి. చిన్న విమానాలకు రెండోదే తీసుకోండి. మొదటిది చూసి సంబరపడేవాళ్లు చాలామంది.

హ్యాండ్‌బుక్ ఇంకా చేతికి రాకపోతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఇచ్చిన సర్దుబాట్లతో ఒక అంచనాకు రావచ్చు. సముద్రమట్టం దగ్గర, ప్రామాణిక వాతావరణంలో, చదునైన రన్‌వే మీద విమానానికి 1,200 మీటర్లు కావాలనుకుందాం. మన స్థలం ఎత్తు 450 మీటర్లు. ప్రతి 300 మీటర్లకు 7 శాతం చొప్పున 10.5 శాతం పెరిగి 1,326 అవుతుంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 12.1 డిగ్రీలు. అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠాల సగటు 32 డిగ్రీలైతే తేడా 19.9. డిగ్రీకి 1 శాతం చొప్పున 1,590. రన్‌వే వాలు అర శాతం ఉంటే ఇంకో 5 శాతం కలిసి దాదాపు 1,670 మీటర్లు. వేడెక్కి పలచబడిన గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది. ఈ 470 మీటర్లలో ఎక్కువ భాగం అందుకే. అదే 36 డిగ్రీలైతే ఎత్తు, వేడి కలిసి 35 శాతం దాటిపోతాయి. అప్పుడు ఈ సూత్రాన్ని నమ్మకూడదు, ప్రత్యేక అధ్యయనం చేయించాల్సిందే.

ల్యాండింగ్ లెక్క కూడా వేసి, రెండింటిలో పెద్దది తీసుకోండి. వాణిజ్య సర్వీసు జెట్ రన్‌వేలో 60 శాతంలోపే ఆగగలగాలి. 900 మీటర్లలో ఆగే జెట్‌కు 1,500 కావాలి. తడి రన్‌వే మీద ఇంకో 15 శాతం, అంటే 1,725. చాలాచోట్ల వాన రోజే పొడవును తేలుస్తుంది.

ఉన్న రన్‌వేను కూడా నడిచి చూడండి. చివర్లో ఎదిగిన చెట్ల వల్ల త్రెషోల్డ్‌ను (ల్యాండింగ్‌కు వాడే భాగం మొదలయ్యే గీతను) లోపలికి జరిపి ఉంటే, పేవ్‌మెంట్ ఉన్నా ఆ వైపు దిగడానికి అంత పొడవు దొరకదు. టేకాఫ్‌కు మాత్రం ఆ ముక్క పనికొస్తుంది. చెట్లు తీసేస్తే పోయిన మీటర్లు తిరిగొస్తాయేమో ముందే చూడండి, అది పొడిగింపు కంటే చాలా చవక.

అప్పటికీ పొడిగించాల్సి వస్తే, పేవ్‌మెంట్ అంచుతో స్థలం లెక్క ఆపకండి. ఐకావో ప్రకారం 1,200 మీటర్లు, ఆపై పొడవు వర్గంలోని రన్‌వేకు చివర 60 మీటర్ల స్ట్రిప్ (రన్‌వే చుట్టూ చదును చేసి ఉంచే నేల), దాని తర్వాత కనీసం 90 మీటర్ల ఎండ్ సేఫ్టీ ఏరియా (విమానం రన్‌వే దాటిపోయినా నష్టం తగ్గించే ఖాళీ స్థలం) ఉండాలి. ఈ ఏరియాకు సిఫారసు 240 మీటర్లు. రన్‌వే 200 మీటర్లు ముందుకు జరిగితే ఇవీ అంతే జరుగుతాయి. సర్వే మ్యాపు మీద మూడింటినీ గీసి, కంచె అవతల ఏముందో చూశాకే ఖర్చు అంచనా మొదలుపెట్టండి.