పిల్లల కారు సీటు: డ్రైవరుగా నేను చూసుకునేవి

రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి కోనసీమ ఊళ్లకు కారు తోలడం నా పని. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చేవాళ్లు పిల్లల సీటు వెంట తెచ్చుకుంటారు. తీరా కారెక్కాక అది డిక్కీలోకి పోతుంది, బిడ్డ మామ్మగారి ఒళ్లోకి వస్తుంది. నేను ఒప్పుకోను. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగితే, 10 కేజీల బిడ్డను ఆపడానికి 100 కేజీలకు పైగా బలం కావాలి. ఎంత ప్రేమ ఉన్నా చేతులు ఆపలేవండి.

సీటు వెనకే పెట్టాలి. పసిబిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండాలి, కనీసం 15 నెలలు దాటేవరకు. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటనంతకాలం అలాగే ఉంచితే ఇంకా మంచిది. "కాళ్లు ముడుచుకుపోతున్నాయి" అని పెద్దవాళ్లు బాధపడతారు. కాళ్లకేమీ కాదు. తల బరువు, మెడ లేత. గుద్దుకున్నప్పుడు వీపంతా కలిసి ఆ దెబ్బను పంచుకోవాలి. ఇలా తిప్పిన సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకండి.

అసలు తంటా బిగించడంలోనే. అమెరికా సీట్లు చాలావరకు అక్కడి కారు బెల్టును నమ్ముకుని చేసినవి. ఆ బెల్టు పూర్తిగా లాగి వదిలితే లాక్ అవుతుంది. మన కార్లలో ఎక్కువగా ఉండే బెల్టు గట్టిగా గుంజితేనే ఆగుతుంది, మెల్లగా లాగితే వస్తూనే ఉంటుంది. అందుకే కారు వెనక సీటు సందులో ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటు తగిలించడానికే పెట్టినవి) ఉంటే వాటికే తగిలించండి. లేకపోతే బెల్టును నొక్కిపట్టే లాక్ ఆ సీటుకే ఉందేమో పుస్తకంలో చూడండి. సీటులో మోకాలు వేసి నొక్కుతూ బెల్టు లాగాలి. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. ముందుకు తిప్పిన సీటుకైతే దాని వెనక పైభాగంలో ఉండే పట్టీ కూడా కారుకి తగిలించాలి. సామాను కట్టే కొక్కేనికి కాదు సుమా, దానికి వేరే కొక్కెం ఉంటుంది.

బిడ్డ పట్టీలు వెనక్కి చూసే సీట్లో భుజాల దగ్గర లేదా కాస్త కిందనుంచి, ముందుకు చూసే సీట్లో భుజాల దగ్గర లేదా కాస్త పైనుంచి రావాలి. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత పడకూడదు. మంచులో తెల్లవారుజామున బయల్దేరితే దుప్పటిని పట్టీల మీద కప్పండి, కింద కాదు. ఎండాకాలం బకిల్ కాలుతుంది, ముందు మీరు ముట్టుకుని చూడండి.

"కాలవ గట్టు రోడ్లు కదా, నీళ్లలో పడితే ఎలా తీస్తాం?" అని చాలామంది అడుగుతారు. భయం సహజమే. పట్టీల్లో ఉన్న బిడ్డ ఎక్కడున్నాడో మీకు తెలుస్తుంది, ఒళ్లో ఉన్నవాడు ఎటు ఎగిరిపడతాడో తెలియదు. పట్టీలు విప్పే ఎర్ర బటన్ గట్టిగా ఉంటుంది కాబట్టి మామ్మగారితో సహా అందరూ ఇంటి దగ్గరే నొక్కి అలవాటు చేసుకోండి.

కాస్త పెద్ద పిల్లలకు బూస్టర్, అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టే సీటు. కింది బెల్టు తొడల మీద, పైది భుజం మీద ఉండాలి, చంక కింద నుంచి వేయొద్దు. 2019 చట్ట సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, ఈ సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా.

చుట్టాల దగ్గర పాత సీటు తీసుకుంటే అడుగున గడువు తేదీ చూడండి. యాక్సిడెంట్‌లో ఉన్నదైతే వద్దని చెప్పేయండి.