వానలో సైకిల్ ఆగడం లేదా? తప్పు బ్రేకుదో టైరుదో ముందు తేల్చుకోండి

వానాకాలం మొదలైతే రోడ్ సైకిల్ తొక్కేవారందరిదీ ఒకటే ఫిర్యాదు: బ్రేకు పట్టడం లేదు. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సమస్యలున్నాయి. లివర్ నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటే లోపం బ్రేకులో ఉంది. చక్రం ఆగిపోయి సైకిల్ మాత్రం జారుకుంటూ ముందుకు పోతే బ్రేకు తన పని తాను చేసినట్టే. చూడాల్సింది టైరును, రోడ్డును, లివర్ నొక్కిన చేతిని. ఈ తేడా గమనించకుండానే చాలామంది ఖరీదైన కొత్త బ్రేకులు కొంటారు. తర్వాత కూడా అదే చోట జారిపడతారు.

నొక్కగానే ఏమీ జరగదు, కాసేపటికి ఒక్కసారిగా పట్టేస్తుంది

ఇది రిమ్ బ్రేకుల లక్షణం, అంటే చక్రం చుట్టూ ఉండే లోహపు వలయాన్ని (రిమ్‌ను) రబ్బర్లతో రెండు పక్కలా పట్టే బ్రేకులది. రిమ్ పక్కల మీద నీటి పొర ఉంటుంది. బ్రేకు రబ్బరు ముందుగా ఆ నీటిని తుడవాలి, ఆ తర్వాతే రాపిడి పుడుతుంది. రోడ్ సైకిళ్లకుండే 700సి సైజు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 4 చుట్లు తిరుగుతుంది. తుడవడానికే రెండు మూడు చుట్లు పోయాయనుకోండి, నాలుగు నుంచి ఆరు మీటర్లు చేజారినట్టే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ముందు వెళ్తున్న ఆటో చెప్పాపెట్టకుండా ఆగినప్పుడు మనకు కావాల్సింది సరిగ్గా ఆ మీటర్లే.

అందుకే వానలో వెళ్తున్నంతసేపూ అప్పుడప్పుడు లివర్‌ను తేలిగ్గా నొక్కి, రబ్బర్లు రిమ్‌కు తాకేలా చేస్తూ ఉండాలి. కూడలి వస్తోందంటే ముందే మొదలుపెట్టాలి. నీరు తుడుచుకుపోగానే పట్టు హఠాత్తుగా పెరుగుతుంది కాబట్టి, భయంతో పిండేసిన లివర్‌ను ఆ క్షణంలో కొంచెం వదలాలి.

రిమ్ దేనితో చేశారన్నదీ ముఖ్యమే. అల్యూమినియం నయం. కార్బన్ రిమ్ తడిస్తే దాని మీద బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. క్రోమ్ పూత వేసిన ఉక్కు రిమ్ అన్నిటికంటే అధ్వానం. పాతకాలపు నల్ల సైకిళ్లు వానలో ఎందుకు ఆగేవి కావో ఇప్పుడు అర్థమవుతుంది. తడిలో పనిచేయడానికే తయారైన రబ్బర్లు దొరుకుతాయి. కూల్ స్టాప్ కంపెనీ సాల్మన్ రంగువి అలాంటివే. ఖర్చు పెట్టదలిస్తే మొదట వీటి మీదే పెట్టమంటాను.

బ్రేకు వేస్తే గరగరమంటుంది

రబ్బరులో ఇసుక, అల్యూమినియం తునకలు గుచ్చుకున్నాయి. అవి రిమ్‌ను అరగదీస్తున్న చప్పుడే అది. రబ్బర్లు విప్పి, మెరిసే తునకలను పిన్నీసుతో తీసేసి, పైభాగాన్ని ఉప్పు కాగితంతో (శాండ్ పేపర్) రుద్దాలి. రిమ్‌ను తడిగుడ్డతో తుడవాలి. రిమ్ పక్కలు లోపలికి గుంట పడితే మాత్రం దాన్ని మార్చాల్సిందే. పలచబడిన గోడ టైరులోని గాలి ఒత్తిడికి పగిలిపోగలదు.

మన ప్రాంతంలో ఇసుకకు తోడు నల్లరేగడి ఉంది. అమరావతి వైపు, గుంటూరు పొలాల మధ్య టిప్పర్లూ ట్రాక్టర్లూ మట్టిని తారు రోడ్డు మీదికి మోసుకొస్తాయి. తడిసిన రేగడి టైరుకు అంటుకుని, బ్రేకుకూ టైరుకూ మధ్య ఉన్న కాస్త సందులో కూరుకుపోతుంది. అప్పుడు చక్రమే తిరగదు. బలవంతంగా తొక్కకండి. దిగి, పుల్లతో గీకి, సీసాలో నీళ్లుంటే పోసి కడగండి. మట్టి ఎండిపోయాక గీకడం రెండింతల పని.

డిస్క్ బ్రేకు కీచుమంటుంది

తడిగా ఉన్నంతసేపు అరిచి, ఆరగానే మానేస్తే పట్టించుకోనక్కర్లేదు. ఆరాక కూడా అరుస్తూ, పట్టు కూడా తగ్గితే చక్రం మధ్యలో బ్రేకు పట్టుకునే లోహపు పళ్లేనికి, అంటే రోటర్‌కు నూనె అంటిందని అర్థం. చైనుకు కొట్టిన స్ప్రే తుంపర రోటర్ మీద పడటం ఒక దారి. రెండోది మోటారు సైకిళ్లకు వాటర్ సర్వీసింగ్ చేసే షాపు. అక్కడ కడగడం అయ్యాక మెరుపు కోసం డీజిలో, ఆయిలో చల్లే అలవాటుంది. డిస్క్ ఉన్న సైకిల్‌ను అక్కడికి తీసుకెళ్లకపోవడమే మేలు.

రోటర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చుకునేవారు సీసా మీద చదవండి. కొన్నింటిలో ఆముదం కలుపుతారు, దాంతో కథ మళ్లీ మొదటికి వస్తుంది. రోటర్‌ను రెండు వైపులా పట్టే ప్యాడ్లకు నూనె కొద్దిగా అంటితే ఉప్పు కాగితంతో రుద్దవచ్చు. నూనె పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం పారేయండి. కొత్తవి వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం బిగుసుకోకుండా, ఇరవై సార్లయినా నెమ్మదిగా బ్రేకు వేయాలి. ఇది చేయనిదే అసలు పట్టు రాదు.

రెజిన్ ప్యాడ్లు బురద వానలో త్వరగా అరుగుతాయి. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి పొడవైన దిగుడుకు వెళ్లేటప్పుడు కొండ ఎక్కకముందే వాటి మందం చూసుకోండి.

లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది

కేబుల్ బ్రేకయితే రబ్బరు అరిగింది లేదా కేబుల్ వదులైంది. కేబుల్ చివర ఉండే అడ్జస్టర్ మరను తిప్పి బిగించండి. నొక్కిన లివర్ బద్ధకంగా వెనక్కి వస్తే కేబుల్ తుప్పు పట్టింది, లోపలి తీగతో పాటు పై గొట్టాన్నీ మార్చాలి. హైడ్రాలిక్ బ్రేకులో నాలుగైదు సార్లు నొక్కాక గట్టిపడితే లోపల గాలి చేరినట్టు. గాలి తీసి నింపేటప్పుడు షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్, డాట్ (DOT) అని రాసి ఉన్నవాటికి డాట్ బ్రేక్ ఫ్లూయిడ్ పోయాలి. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి.

చక్రం ఆగింది, సైకిల్ ఆగలేదు

మొదటి వానకు రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి పైకి తేలతాయి; కుండపోత కంటే ఆ తొలి జల్లే ప్రమాదకరం. విజయవాడ బందరు రోడ్డులో జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైల్వే గేటు దగ్గర పట్టాలు తడిస్తే నున్నగా జారతాయి. వాటి మీద బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. పట్టాలను అడ్డంగా, సైకిల్ నిటారుగా ఉంచి దాటాలి.

టైరులో గాలి మామూలు కంటే 5 నుంచి 10 పీఎస్ఐ తగ్గించండి, టైరు మీద రాసిన కనీసానికి కిందికి మాత్రం వద్దు. గాడులున్న టైరు కొనాలన్న ఆరాటం అనవసరం. సైకిల్ టైరు సన్నగా, ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి కారులా నీటి మీద తేలదు.

వెనక చక్రం జారితే వెనక లివర్ వదిలితే చాలు, తిరిగి దారిలోకి వస్తుంది. ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి దాదాపు ఉండదు. పొడి రోడ్డు మీద ఎక్కువ భారం ముందు బ్రేకుదే; తడిలో అందులో కొంత వెనక్కి మార్చండి, మలుపుకు ముందే, సైకిల్ ఇంకా నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోండి.