ఐరన్ షెడ్డు కడుతున్నారా, పైఖర్చుల లెక్క ముందే ఇలా వేసుకోండి

మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు గోడౌన్ అన్నా, ఐస్ ప్లాంట్ అన్నా, మిల్లు పక్కన ఇంకో షెడ్డు అన్నా అందరూ ఐరనే వేయిస్తున్నారు, మంచిదేనండి, తొందరగా లేస్తుంది. కానీ కోటేషన్ చేతికి రాగానే కేజీకి ఎంత, అడుగుకి ఎంత అని వారం రోజులు బేరమాడి, దాంతో బడ్జెట్ అయిపోయిందనుకుంటాం. డబ్బు జారిపోయేది మాత్రం ఆ కాగితంలో లేనివాటి దగ్గర.

ముందు కోటేషన్ చివరి పేజీ చదవండి. 'క్లయింట్ స్కోప్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. సామాను దించుకోవడం, క్రేను, కరెంటు, నీళ్ళు, పనోళ్ళకి రూము, రాత్రి కాపలా ఇవన్నీ చాలా కోటేషన్లలో మన నెత్తినే ఉంటాయి. జీఎస్టీ 18 శాతం, రవాణా 'అదనం' అని ఇంకో లైను. మనకి వ్యాపారం ఉంది కదా ఆ జీఎస్టీ వెనక్కి వస్తుందిలే అనుకోకండి, భూమిలో పాతుకున్న బిల్డింగ్ మీద కట్టింది మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్ కిందకి రాదు, మీ ఆడిటర్ని అడిగి ఖర్చులోనే రాసుకోండి. లేబర్ సెస్సు 1 శాతం, స్థలం ధర తీసేసి కట్టుబడి ఖర్చు మీద వేస్తారు, అదీ మర్చిపోతాం.

రవాణా గురించి మాది చెప్తాను. మా ట్రైలర్ రాత్రి పదకొండింటికి వచ్చి కాలవ గట్టు మలుపులో ఆగిపోయింది. రాఫ్టర్ (కప్పుని మోసే దూలం) ముక్కలు 12 మీటర్లు, వంతెన దిగి కుడికి తిప్పుదామంటే బండి తోక అవతల కొబ్బరిచెట్టుకి తగులుతోంది, పైన చూస్తే కరెంటు తీగ చేతికందేలా వేలాడుతోంది. తెల్లారాక హైడ్రా (చిన్న మొబైల్ క్రేను) తెప్పించి గట్టు మీదే దించి, ట్రాక్టర్ల మీద ఒక్కో ముక్కా మోసుకొచ్చి, సైట్లో మళ్ళీ హైడ్రాతోనే దించాం. రెండు షిఫ్టుల హైడ్రా, ట్రాక్టర్ బాడుగలు, ట్రైలర్ ఒకరోజు ఆగినందుకు హాల్టింగ్, పైగా గొలుసులు రాసుకుని పెయింట్ లేచిపోతే టచప్. వీటిలో ఒక్క రూపాయి కూడా నా లెక్కలో లేదు. అందుకే ఆర్డర్ ఇచ్చేముందు టేపు పట్టుకుని మెయిన్ రోడ్డు నుంచి సైటు దాకా నడవండి, వంతెన వెడల్పు, మలుపు, తీగ ఎత్తు రాసి ఇనప ముక్కలు తయారుచేసే ఫాబ్రికేటర్‌కి ఇచ్చేస్తే ముక్కలు పొట్టిగా చేసి జాయింట్లు పెంచుతాడు, నాలుగు బోల్టులు ఎక్కువైనా అదే చవక.

ఇంక అసలు విషయం. ఇనుము టన్నుల లెక్క, పైఖర్చులు నెలల లెక్క. కాబట్టి పుస్తకంలో రెండు పేజీలు పెట్టుకోండి. ఒకదాంట్లో ఒక్కసారి అయిపోయేవి, అంటే సాయిల్ టెస్టు, డ్రాయింగులు, పర్మిషన్ ఫీజులు, టెంపరరీ మీటరు, ఇన్సూరెన్సు లాంటివి. రెండోదాంట్లో నెల తిరిగితే మళ్ళీ వచ్చేవి. ఉదాహరణకి సూపర్‌వైజర్ 25,000, వాచ్‌మన్ 12,000, జనరేటర్ డీజిల్ 8,000, నీళ్ళ ట్యాంకర్లు 6,000, రూము అద్దె 5,000 అనుకుందాం, మొత్తం 56,000. దీనికి 40 లక్షల లోను 10 శాతం మీద ఉంటే నెలకి సుమారు 33,000 వడ్డీ. అంటే సైట్లో ఒక్క బోల్టు బిగించకపోయినా నెలకి 89,000 పోతుంది. నాలుగు నెలలనుకున్న పని ఆరు నెలలైతే 1,78,000 అదనం, మీరు కేజీ దగ్గర బేరమాడి మిగిల్చింది అందులోనే కలిసిపోతుంది. మీ ఊరి రేట్లు వేసుకుని ఈ ఒక్క అంకె ముందు తేల్చుకోండి.

మరి ఎన్ని నెలలు అన్నది డెల్టాలో క్యాలెండరే చెప్తుంది. చేను రోడ్డుకి మూడు నాలుగు అడుగులు పల్లంలో ఉంటుంది కాబట్టి ముందు మెరక చెయ్యాలి, మట్టి లారీలు ఎండాకాలంలోనే దిగగలవు, వాన పడ్డాక నల్లమట్టిలో టైరు కూరుకుపోతే దాన్ని లాగడానికి ఇంకో బండి. కానీ అదే ఎండాకాలంలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఇనుము వేసే కాంక్రీటుకి లీటరు నీళ్ళలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకున్న ఐఎస్ 456 ప్రమాణం చెప్తోంది, అందుకే ఒకసారి టెస్టు చేయించి, పనికిరాకపోతే ట్యాంకర్ డబ్బులు వేసుకోండి. కోతలప్పుడు ట్రాక్టర్లు దొరకవు. సంక్రాంతి నాలుగు రోజులూ మనవాళ్ళు పనిలోకి రారు, ఎరెక్షన్ గ్యాంగు (ఫ్రేము నిలబెట్టేవాళ్ళు) బీహార్ వాళ్ళైతే ఛఠ్‌కీ హోలీకీ ఊరెళ్తారు, ఆ రోజులన్నీ వాచ్‌మన్ జీతం, వడ్డీ నడుస్తూనే ఉంటాయి.

అక్టోబరు, నవంబరు వాయుగుండాల సంగతి కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళం. బ్రేసింగ్ (ఫ్రేముల మధ్య ఐమూలగా వేసే కట్లు) పూర్తికాని ఫ్రేము గాలికి చాలా బలహీనంగా ఉంటుంది, అందుకే ఆ రెండు నెలల్లో నిలబెట్టే పని పెట్టుకోకపోవడమే మేలు. తప్పదంటే తాత్కాలిక గైరోపులకి (ఫ్రేముని లాగి కట్టే తాళ్ళు) విడిగా డబ్బు ఉంచండి, ఎరెక్షన్ ఆల్ రిస్క్ పాలసీ (నిలబెట్టే పనికి ఇన్సూరెన్సు) తీసుకునేటప్పుడు తుఫాను నష్టంలో మనం భరించాల్సిన వాటా ఎంతో అడిగి ఆ మొత్తం కూడా పక్కన పెట్టండి. పని సాగితే పాలసీ తేదీ పెంచాలి, దానికీ ప్రీమియం ఉంటుంది.

అనుకోని ఖర్చు అని గుడ్డిగా ఓ శాతం వేసేకన్నా, రెండు నెలల రన్నింగ్ ఖర్చు, అదనంగా మూడు హైడ్రా షిఫ్టులు అని విడిగా రాసుకుంటే నాకు బాగా పనికొచ్చింది. ప్రతి శనివారం కూలీ ఇచ్చేటప్పుడే ఆ రెండో పేజీ తీసి ఎంత పోయిందో రాయండి. ఫౌండేషన్ రెండు వారాలు వెనకబడిందనిపిస్తే వెంటనే ఫాబ్రికేటర్‌కి ఫోన్ చేసి ట్రైలర్ ఆపించండి, ఇనుము ముందే వచ్చి బురదలో పడుకుంటే దాని కింద వేసే దుంగలకీ, మళ్ళీ కొట్టే ప్రైమర్‌కీ, ఇంకో వాచ్‌మన్‌కీ కూడా మీరే ఇచ్చుకోవాలి.