చికాగోకు వచ్చే మన కడప జిల్లా తమ్ముళ్లకు: బిడ్డకు కోటు విప్పి కారు సీటు బెల్టు కట్టండి

పోయిన ఆదివారం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జంటను ఎయిర్‌పోర్టు నుంచి తేవడానికి పోయినా. ఏడాదిన్నర పాప. వెనక సీట్లో పిల్లల సీటు బిగించుకొనే పోయినా. ఆ తల్లేమో "ఏడుస్తాందన్నా, ఒళ్లో పెట్టుకుంటాలే, అర్ధగంటే కదా" అనింది. నేను కారు కదిలించలేదు. పాప గుక్కపట్టింది, వాళ్లమ్మ ముఖం మాడ్చుకుంది. కానీలే.

తప్పు పట్టను. కడప ఏడు రోడ్ల కాడ నాయన బైకు ట్యాంకు మీద కూర్చొని తిరిగినోణ్ణే నేనూ.

ఏ కంపెనీ సీటని నన్ను అడగొద్దు. అమెరికా ప్రమాణాలకు సరిపోతుందని దాని మీదే రాసి ఉండాల, కాబట్టి ఊర్లో కొని మోసుకు రావద్దు. చికాగో ఉండే ఇల్లినాయ్ రాష్ట్రంలో రెండేళ్లు నిండేదాకా ముఖం వెనక్కి తిప్పే కూర్చోబెట్టాల, 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో ఉంటే తప్ప. కాళ్లు ముడుచుకుంటాయని ముందుకు తిప్పేస్తారు కొందరు. కాళ్లు కాదప్పా, మెడ చూడండి! పసిబిడ్డకు తల బరువు, మెడ లేత. వెనక్కి తిరిగి ఉంటే, కారు గుద్దుకున్నప్పుడు వచ్చే కుదుపును వీపంతా కాసుకుంటుంది.

అసలు నా బాధ చలి కోటుది. ముద్దనూరు ఎండలో పెరిగిన మేము డిసెంబరులో దిగినాం. మావానికి బొంతంత కోటు తొడిగి, దానిమీదే బెల్టు కట్టి నెలన్నర తిరిగినాం. ఫైర్ స్టేషన్లో ఒకామె సీటు చూసి, బెల్టు పట్టీలు ముట్టకుండా కోటు మాత్రం విప్పి మళ్లీ కట్టింది. పట్టీ కింద నా నాలుగు వేళ్లు దూరినాయి. గుద్దుకున్నప్పుడు కోటులోని దూది అణిగిపోతుంది, అప్పుడు బిడ్డ ఆ సందులోంచి జారతాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పలచటి స్వెటరు చాలు. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత దొరకకూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తున ఉండాల, పొట్ట మీద కాదు. కట్టినాక కోటును పైన దుప్పటి మాదిరి కప్పండి. ఎన్నిసార్లు చెప్పినా "ఇక్కడికిక్కడే కదన్నా" అంటారు. ఒళ్లు మండుతుంది నాకు.

సరే, భయపడొద్దు. సీటు సరిగా బిగించినారో లేదో ఉచితంగా చూసే శిక్షణ పొందినోళ్లు కొన్ని ఫైర్ స్టేషన్లలో, ఆసుపత్రుల్లో ఉంటారు. ముందు ఫోన్ చేసి పోండి. ఏడుపంటారా, మావాడు మూడో వారానికి మానుకున్నాడు. ఆదివారం ఆ పాప కూడా టోలు దాటకముందే నిద్రపోయింది. వాళ్లమ్మే, ఇల్లు చేరిందాకా నాతో మాట్లాడలేదు.