పిస్టన్ మార్చినా మళ్లీ పట్టేస్తోందా? టూ స్ట్రోక్ ఇంజన్ పైభాగం: సమస్య - పరిష్కారం

"కొత్త పిస్టన్ వేసి పదైదు రోజులు కూడా కాలేదు సామీ, భాకరాపేట ఘాట్ ఎక్కతా ఉంటే మళ్లా పట్టేసింది." మా వీధి కుర్రాడు తన యమహా బైకు ఆర్ఎక్స్ 100ను తోసుకుంటూ వచ్చి అన్న మాట ఇది. పట్టేయడమంటే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోయి ఇంజన్ ఆగిపోవడం. చేతిలో బిల్లు ఉంది. పిస్టన్, రింగులు, ప్యాకింగులు, బోరింగు కూలీ, అన్నీ రాశారు. పాత పిస్టన్ ఏదిరా అంటే షాపులోనే పారేశారన్నాడు. సగం సాక్ష్యం అక్కడే పోయింది.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ ఊరికే పాడవదు. దాన్ని ఏదో చంపుతుంది. ఆ ఏదోను పట్టుకోకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది. కాబట్టి బండి మీదైతే పాత పిస్టన్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. బండి మీరే విప్పుతుంటే తుడవకముందే ఫోటో తీసుకోండి.

ఈ ఇంజన్ తీరు ముందు గుర్తుంచుకోవాలి. ఆర్ఎక్స్ 100లో బోరు (పిస్టన్ ఆడే సిలిండరు రంధ్రం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 50 మి.మీ., మొత్తం 98 సీసీ. పైన వాల్వులు లేవు. పెట్రోలు, గాలి, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) మూడూ కలిసి ముందు క్రాంక్ కేసులోకి, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకొస్తాయి. అంటే కింద ఎక్కడ గాలి లీకైనా పెట్రోలు పలచబడి పైన పిస్టన్ కాలుతుంది. ఫోర్ స్ట్రోక్‌కు అలవాటుపడ్డ మెకానిక్కులు చాలామంది తప్పేది ఇక్కడే.

కిక్కు తేలిగ్గా పోతోంది, పికప్ లేదు

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టాలి. యాక్సిలరేటర్ తిప్పకుండా కొడితే రీడింగ్ తక్కువే వస్తుంది, అనవసరంగా టెన్షన్ పడతారు. ఇలాంటి చిన్న ఎయిర్ కూల్డ్ ఇంజన్లలో 120 పీఎస్ఐ దగ్గర చూపిస్తే బాగున్నట్టే. 90కి పడితే విప్పాలి. ఆ తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే హెడ్డు (బోరు పైమూత) ప్యాకింగ్ కాలిందేమో, హెడ్డు వంగిందేమో చూడాలి.

కంప్రెషన్ బాగానే ఉండి పికప్ మాత్రం లేదంటే, హెడ్డు జోలికి పోకుండా సైలెన్సర్ ఊడదీయండి. ఎగ్జాస్ట్ పోర్టు మసితో సగం మూసుకుపోయిన బండ్లు ఎన్ని చూశానో. పిస్టన్‌ను కిందికి దించి, చెక్కపుల్లతో మసి గీకి, గాలి కొడితే పని అయిపోతుంది.

నడుస్తూ నడుస్తూ పట్టేసింది

మచ్చలు పిస్టన్ మీద ఎక్కడున్నాయో చూడండి.

నాలుగు మూలలా నిలువు మచ్చలుంటే పిస్టన్ బోరు కంటే ముందే వేడెక్కి ఉబ్బింది. బోరు బిగుతుగా చేయించి ఉంటారు. లేదా పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషానికే గట్టిగా తిప్పి ఉంటారు.

చుట్టూ ఒకేలా గీసుకుపోయి, కింద కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) బేరింగు కూడా పొడిగా ఉంటే ఆయిల్ అందలేదు. ఆయిల్ పంపు ఉన్న బండైతే పైపులో గాలి బుడగ చిక్కిందేమో, కేబుల్ జారిందేమో చూడాలి.

ఎయిర్ ఫిల్టర్ వైపు, అంటే ఇన్‌టేక్ వైపు, సన్నని గీతలతో బూడిదరంగు మెరుపు కనిపిస్తే దుమ్ము. ఫిల్టర్ ఫోమ్ చినిగి ఉంటుంది.

పిస్టన్ నెత్తి అంచు ఎలుక కొరికినట్టు గుంటలు గుంటలుగా ఉంటే డిటోనేషన్, అంటే పెట్రోలు సవ్యంగా కాలకుండా ఒక్కసారిగా పేలడం. ప్లగ్ నిప్పురవ్వ టైమింగ్ చూడండి.

ఎగ్జాస్ట్ వైపు మాత్రమే అల్యూమినియం కరిగి రాసుకుపోయి ఉంటే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిందని అర్థం. మన కుర్రాడి పిస్టన్ సరిగ్గా ఇలాగే ఉంది. ప్లగ్ కూడా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "యాక్సిలరేటర్ వదిలేశాక కూడా కాసేపు రయ్‌మని అరుస్తా ఉందా?" అని అడిగాను. "అవునన్నా, మీకెట్ల తెలుసు?" అన్నాడు.

అలా అరుస్తోందంటే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. పట్టుకోవడానికి నా దగ్గరున్న సాధనం పాత బీపీ మిషన్. సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ పోర్టును రబ్బరు షీటు, ఇనుప పట్టీతో మూసేయాలి. కార్బొరేటర్ తీసి ఆ ద్వారంలో గట్టి రబ్బరు బిరడా పెట్టి, దాని మధ్యలోంచి బీపీ మిషన్ గొట్టం దూర్చాలి. పిస్టన్ పూర్తిగా కింద ఉండాలి. బల్బు నొక్కుతూ డయల్ 250కి తెస్తే దాదాపు 5 పీఎస్ఐ అవుతుంది, అది చాలు. ఐదు నిమిషాలు ఆగినా ముల్లు పెద్దగా కదలకూడదు. కుర్రాడి బండికి నిమిషంలో 100కి పడిపోయింది. సబ్బు నురగ బేస్ ప్యాకింగ్ దగ్గర రాశాం, ఏమీ లేదు. ఇన్‌టేక్ రబ్బరు దగ్గరా లేదు. పుల్లర్ పెట్టి మ్యాగ్నెట్ (క్రాంక్ ఒక కొన మీద ఉండే అయస్కాంత చక్రం) ఊడదీసి, దాని వెనకున్న క్రాంక్ సీలు అనే రబ్బరు రింగు చుట్టూ రాస్తే అక్కడ బుసబుసా నురగ వచ్చింది. బిర్యానీ ప్యాకెట్ ఖరీదు కూడా లేని సీలు రెండు పిస్టన్లు తినేసింది.

క్రాంక్‌కు రెండో కొనలో, క్లచ్ వైపు ఉన్న సీలు పోతే లక్షణం వేరు. గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లపొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. దాన్ని చూసి రింగులు పోయాయని హెడ్డు విప్పేవాళ్లూ ఉన్నారు!

లీకు లేకపోయినా ప్లగ్ తెల్లగానే ఉంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అదే జెట్టు, చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఒక కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 కిలోలు చాలు. పాత పెట్రోలుకు సరిపెట్టిన జెట్టుతో ఈ పెట్రోలు పోస్తే ఆ మేరకు పెట్రోలు తక్కువైనట్టే లెక్క. ఎండాకాలంలో ఘాట్ ఎక్కే బండికి మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి ప్లగ్ రంగు చూడండి. లేత ఇటుక రంగుకు రావాలి.

బోరు చేయించాక రింగు విరిగింది

ఇది నాకే జరిగింది. లేత్ షాపులో 50 ఓవర్ సైజుకు, అంటే అర మి.మీ. పెద్దదిగా బోరు చేయించాను. కొలత అద్దంలా కుదిరింది. నలభై కిలోమీటర్లకు టింగ్‌మని శబ్దం వచ్చింది, బండి ఆగిపోయింది. విప్పితే రింగు మూడు ముక్కలు. బోరు చేసినప్పుడు పోర్టుల అంచులు బ్లేడులా పదునెక్కుతాయి. పోర్టులంటే బోరు గోడలో గాలి, పొగ వచ్చిపోయే కిటికీలు. ఆ అంచులను కొద్దిగా ఏటవాలుగా గీకి మొద్దు చేయకపోతే రింగు అక్కడ తట్టుకుంటుంది. అప్పటి నుంచి లేత్ నుంచి బోరు రాగానే వేలి గోరు పోర్టు అంచు మీద పైకీ కిందికీ లాగి చూస్తాను. గోరు చిక్కితే వెనక్కి పంపడమే.

బోరు కొలతను పైన, మధ్యలో, కింద తీయాలి. ఒక్కోచోట ముందు-వెనకలుగా ఒకసారి, ఎడమ-కుడిగా ఒకసారి. పైకీ కిందికీ తేడా 0.05 మి.మీ. దాటితే రింగులు మార్చి లాభం లేదు, బోరు చేయించాల్సిందే. పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు మాన్యువల్‌లో ఉన్నదే వేదం. "కొంచెం బిగుతుగా పెడితే ఎక్కువ రోజులొస్తుంది" అనే మాట నమ్మొద్దు. రింగును ఒక్కదాన్నే బోరులో దించి, పిస్టన్‌తో సమంగా తోసి, రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టండి. 50 మి.మీ. బోరుకు 0.2 మి.మీ. దగ్గర ఉండాలి.

శబ్దాలు

చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని, వేడెక్కాక తగ్గితే పిస్టన్ వదులు. వేడెక్కినా పోకపోతే పిస్టన్ పిన్ను బేరింగు. బరువు మీద గట్టు ఎక్కేటప్పుడు మాత్రమే గాజుగోలీలు రాలినట్టు వినిపిస్తే డిటోనేషన్, వెంటనే యాక్సిలరేటర్ తగ్గించండి.

మామిడి తోటలో ఏటీవీ

పాకాల వైపు ఒక తోటలో టూ స్ట్రోక్ ఏటీవీ (తోటల్లో, మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఎండాకాలం వచ్చిందంటే పట్టేసేది. ఇంజన్‌లో లోపం ఏమీ లేదు. ఎయిర్ కూల్డ్ బండి పది కిలోమీటర్ల వేగంతో కాయల గంపలు లాగుతోంది, ఇంజన్ చల్లబడటానికి ఉండే రెక్కల (ఫిన్నుల) మధ్య ఎండిన బురద. ఫిన్నులు కడిగించి, ఫోమ్ ఫిల్టర్‌కు ఫిల్టర్ ఆయిల్ రాయించి, గంటకోసారి ఆపమన్నాను.

బిగించేటప్పుడు

క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్నును పట్టి ఉంచే చిన్న తీగ లాకు లోపల పడిందో, మొత్తం ఇంజన్ విప్పాల్సిందే. బోరును పెట్రోలుతో కడిగితే చాలదు. వేడినీళ్లు, సబ్బుతో తోమి, తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకు నలుపు అంటనంత వరకూ మళ్లీ కడగాలి. వెంటనే ఆయిల్ రాయాలి, లేకపోతే అరగంటలో తుప్పు.

పిస్టన్ నెత్తి మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. లాకులు ఎప్పుడూ కొత్తవే. రింగు కొనలు గాడిలో ఉన్న చిన్న మేకు దగ్గర కలవాలి, రింగు మీది అక్షరం పైకి. బోరు దించేటప్పుడు తిప్పొద్దు, తిప్పితే కొన పోర్టులో చిక్కుతుంది. హెడ్డు సమంగా లేదనిపిస్తే దళసరి అద్దం మీద 400 నంబరు ఎమెరీ పేపర్ పరిచి ఎనిమిది అంకెలా రుద్దండి. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో.

ఆయిల్ పంపులో బుడగలు తీసేదాకా కిక్కు కొట్టొద్దు. నేను మొదటి ట్యాంకుకు పంపు ఉన్నా సరే లీటరుకు 20 మి.లీ. టూటీ ఆయిల్ పెట్రోల్లో కూడా కలుపుతాను. పొగకు పక్కింటివాళ్లు తిట్టినా ఫరవాలేదు.

స్టార్ట్ చేసి, ఫిన్నుల మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కగానే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత చల్లగా ఉన్నప్పుడే హెడ్డు నట్లు మరోసారి టార్క్ చూసుకోవాలి. 500 కిలోమీటర్ల దాకా ఘాట్లు వద్దు. మన కుర్రాడు ఆ మాట విని ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ, అలిపిరి నుంచి రేణిగుంట దాకా చదునైన రోడ్డు మీదే తిప్పుకున్నాడు. నెల తర్వాత ప్లగ్ ఊడదీసి తెచ్చి చూపించాడు, లేత ఇటుక రంగులో ఉంది.