ఇంగ్లండ్‌లో పబ్‌కి వెళ్లే ముందు జాగ్రత్తలు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చి, తోటివాళ్లతో తొలిసారి పబ్‌కి బయల్దేరేవాళ్ల కోసం ఇవి.

• గుర్తింపు కార్డు జేబులో ఉందా? 18 నిండినా, 25 కంటే చిన్నగా కనిపిస్తే చాలా చోట్ల అడుగుతారు.

• కారు ఇంట్లోనే వదిలేయండి. 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. అది మీ ఒంటికి ఎన్ని గ్లాసులో ఎవరూ చెప్పలేరు. తిరుగు రైలో బస్సో ముందే చూసుకోండి.

• ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. చాలా పబ్బుల్లో వంటగది బార్ కంటే ముందే మూసేస్తారు, కాబట్టి వెళ్లగానే తిండి చెప్పేయండి.

• తిండి విషయంలో మాత్రం మొహమాటం అస్సలు వద్దు. కాటేజ్ పై (pie) అనే వంటకంలో ఉండేది గొడ్డు మాంసం, షెపర్డ్స్ పైలో ఉండేది గొర్రె మాంసం. స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉండేది మామూలుగా పంది మాంసం. బ్లాక్ పుడింగ్‌లో పంది రక్తం ఉంటుంది. శాకాహారులు చిప్స్ గురించి కూడా అడగాలి, కొన్నిచోట్ల పశువుల కొవ్వులో వేయిస్తారు. అలర్జీ ఉంటే ఆర్డర్‌కి ముందే చెప్పండి.

• పైంట్ అంటే 568 మి.లీ., పెద్ద గ్లాసే. హాఫ్ అడగడం నామోషీ కాదు. ఆల్కహాల్ శాతం కూడా చూడండి. కాస్క్ ఏల్ (పీపా నుంచి పోసే సంప్రదాయ బీరు) 11–13 డిగ్రీల దగ్గర ఇస్తారు, చల్లగా లేదని పాడైందనుకోవద్దు.

• రౌండ్లలో ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొంటారు. తాగనివాళ్లు, తక్కువ తాగేవాళ్లు మొదటి రౌండ్‌కి ముందే ఆ మాట చెప్పేయాలి. లైమ్ సోడా తీసుకుని కూర్చున్నా మర్యాదకు లోటేమీ ఉండదు.