పైట నిలిచే చోటు లేనప్పుడు

ఎడమ భుజపు రెక్క ఎముకలో సార్కోమా అనే క్యాన్సర్ ఉందని తేలాక నాకు చేయి, రెక్క ఎముక, జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక)లో చాలా భాగం కలిపి తీసేశారు. దీన్ని ఫోర్‌క్వార్టర్ ఆంప్యుటేషన్ అంటారు. నేను తెనాలిలో 22 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చూడవచ్చిన వాళ్లంతా చేయి పోయిందని ఏడ్చారు. ఒంటిచేత్తో పని నెమ్మదిగానైనా అలవాటవుతుంది. భుజం సంగతి వేరు. అది ఒంటికి చిలక్కొయ్య. పైట, లోపలి పట్టీ, సంచీ అన్నీ దాని మీదే ఆగాలి. మెడ నుంచి పక్కటెముకల మీదికి ఏటవాలుగా దిగిపోయిన చోట ఏదీ ఆగదు. ఆపరేషన్ తరువాత వెళ్లిన మొదటి పెళ్లిలో నా పైట మూడుసార్లు జారింది.

అందుకే ముందుగా చీర గురించి చెబుతాను. ఎడమ భుజం లేనివారు పైటను కుడివైపు వేసుకోవాలి. కట్టే దిశ మారితే చీర తలకిందులవుతుంది, ఫాల్ నడుము దగ్గరికి వచ్చేస్తుంది. పాత ఫాల్ విప్పి రెండో అంచుకు కుట్టించండి. ఒకవైపే పెద్ద అంచున్న చీరలు దీనికి పనికిరావు. రెండు వైపులా ఒకే అంచు ఉన్న మంగళగిరి చీరలు చక్కగా కుదురుతాయి. ఉన్న ఒక్క చేత్తో అదే భుజం మీద పిన్నీసు పెట్టుకోవడం చాలా కష్టం. జాకెట్టు కుడి భుజానికి రెండు టిచ్ బటన్లు, పైట మడతకు వాటి జత కుట్టుకుంటే వేళ్లతో నొక్కితే చాలు. కుచ్చిళ్లు కూడా ముందే మడిచి, నడుము దగ్గర కుట్టేసుకోండి.

జాకెట్టుకు రెండు వైపులా కొలతలు విడివిడిగా తీయించండి. ఎడమవైపు చంక కత్తిరించకూడదు. మెడ లోతు తగ్గించాలి, లేకపోతే జాకెట్టు మొత్తం ఎడమకు జారుతుంది. బ్రా ఎడమ పట్టీని వీపు మీదుగా కుడి భుజానికి అడ్డంగా మళ్లించి కుడితే కదలదు.

కృత్రిమ అవయవాల కేంద్రంలో అచ్చు తీసి, ఫోముతో తేలికైన భుజం ఆకారం చేసిస్తారు. పూర్తి చేయి కూడా అమర్చవచ్చు కానీ బరువుగా ఉంటుంది, పట్టీలు ఒరుస్తాయి. నేను ఆకారం మాత్రమే తీసుకున్నాను, ఆ నిర్ణయం నాకు సరైనదే. దాని కింద నూలు బనియను తప్పనిసరి. వేసవిలో రోజూ తీసి, చర్మం తుడిచి, ఎర్రమచ్చలున్నాయేమో అద్దంలో చూసుకోండి.

ఒకవైపు చేయి బరువు లేకపోయేసరికి ఒళ్లు తెలియకుండానే వంకర తిరుగుతుంది. నా మెడ నొప్పికి కారణం ఇదేనని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా తెలియలేదు. పొద్దున, సాయంత్రం అద్దం ముందు కూర్చుని తల, నడుము నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మిషను ముందు అరగంటకోసారి లేస్తాను.

లేని చేతి వేళ్లు పిడికిలి బిగిసినట్టు నొప్పి పెడతాయి. ఇది భ్రమ కాదు, పిచ్చి కాదు. మెదడులో ఆ చేతి పటం ఇంకా ఉంటుంది. 1990లలో మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ అద్దంతో ఒక చికిత్స చూపారు. ఉన్న చేతిని అద్దం ముందు పెట్టి, లేని చేయి ఉండవలసిన చోట కనిపించే ప్రతిబింబాన్ని చూస్తూ పిడికిలిని నెమ్మదిగా తెరవాలి. అందరికీ పనిచేయదు. నాకు రోజూ పది నిమిషాలు చేస్తే కొంత తగ్గింది. మిగిలినదానికి డాక్టరు గాబాపెంటిన్ రాశారు. ఎవరో చెప్పారని ఆ మందు మొదలుపెట్టకండి, హఠాత్తుగా మానకండి. కుట్లు పూర్తిగా మానాక మచ్చ మీద మొదట దూది, తరువాత తువ్వాలు మెల్లగా రుద్దుతుంటే బట్ట తగిలినా భరించగలుగుతాం.

వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి ఆపరేషన్ కాగితాలన్నీ తీసుకెళ్లండి. ఈ ఆపరేషన్‌కు నిబంధనల ప్రకారం 100 శాతం వైకల్యం రాస్తారు.

వంటింట్లో చాకు కంటే కత్తిపీటే నయం. పీటను కాలితో అదిమిపడితే కత్తి కదలదు, కూరగాయను ఒక్క చేత్తోనే దాని మీదికి నెట్టవచ్చు. గిన్నె తిరగకుండా కింద తడిగుడ్డ వేయండి. నీళ్ల బిందె మాత్రం ఎత్తకండి. ఇక ఆ కుడి భుజం ఒక్కటే ఉంది, దాని నొప్పిని మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.